చర్మంలో నీటి తలుపులు

ఆరు దాటాక నాన్నకు మంచినీళ్లు కూడా ఇవ్వకూడదు.
బయాప్సీ రిపోర్టు, రక్త పరీక్షల కాగితాలు, ఆధార్ జిరాక్సు ఒకే ఫైల్లో పెట్టాలి.
వేలి ఉంగరం తీయించాలి. రాకపోతే సబ్బు నీళ్లు.
షూటింగుకి ఇంకో మేకప్‌మేన్‌ని చూసుకోమని పోచయ్య బాబాయ్‌కి చెప్పాలి.
పదింటికల్లా బంజారా హిల్స్ ఆసుపత్రిలో ఉండాలి.
అమ్మ ముందు ఏడవకూడదు.

ఫ్రిజ్ తలుపుకు అంటించిన ఆ కాగితం ముందు వందన నిలబడి ఉంది. ఏడుంబావు అయింది. రాసుకున్న ఆరు పనుల్లో రెండింటికి టిక్కులు పడ్డాయి. 'నాన్న ఇంట్లో ఉండాలి' అని కూడా రాసుకోవాలని మాత్రం ఆమెకు తోచలేదు.

"ఎప్పుడు వెళ్లాడమ్మా?"

లీలాకుమారి స్టవ్ తుడుస్తోంది. పొద్దుటి నుంచి వెలిగించని స్టవ్‌ని తుడవడం ఇది మూడోసారి.

"అయిదున్నరకి. ప్రొడక్షన్ కారొచ్చింది."

"నువ్వు చూస్తూ ఊరుకున్నావా?"

"వెళ్లొద్దంటే ఆగే మనిషైతే ముప్పై ఏళ్లలో ఒక్కసారన్నా ఆగేవాడు."

"ఇవాళ ఆపరేషనమ్మా! రెండు వారాల కిందట డాక్టరుగారి ముందు బుద్ధిగా తలూపాడు కదా!"

"ఇప్పుడు మాత్రం కాదన్నాడా? పని చూసుకుని పదింటికి నేరుగా ఆసుపత్రికే వస్తానన్నాడు. ఉంగరం కూడా తీసి గూట్లో పెట్టాడు. చూసుకో."

"పెట్టె?"

తల్లి గుడ్డ పిండింది. మేకప్ పెట్టె ఉండే బల్ల మీద నలుచదరపు ఖాళీ కనిపిస్తూనే ఉంది.

వందన తండ్రి ఆదినారాయణకు రంగులు కలుపుకునే పళ్లెం ఆయన ఎడమ చెయ్యే. ఫిల్మ్‌నగర్ స్టూడియోల్లో కానీ, జూబ్లీహిల్స్ బంగళాల్లో కానీ, ముప్పై రెండేళ్లుగా ముందు ఆ చేతి మీద రంగు కలిపి, బొటనవేలితో నలిపి చూసి, తర్వాతే ఆర్టిస్టు ముఖానికి తాకించేవాడు. అందుకే రెండేళ్ల కిందట ఆ ఎడమ బొటనవేలి గోరు కింద నల్లటి చార కనిపించినప్పుడు ఇంట్లో ఎవరూ ఉలిక్కిపడలేదు. రంగు దిగి ఉంటుందనుకున్నారు. పెట్టుడు గడ్డాల జిగురు వదిలించే మందుతో ఆయన దాన్ని రుద్దుతూనే ఉన్నాడు. గోరు చీలి నెత్తురు కారాక గానీ డాక్టరు దగ్గరికి వెళ్లలేదు. మెలనోమా అన్నారు. చర్మానికొచ్చే క్యాన్సర్లలో మొండిది. వేలు మొదటి కణుపు దాకా తీసేయాలన్నారు.

"ఫైలు తీసుకుని నువ్వు ఆసుపత్రికి వెళ్లు. నేను నాన్నని తీసుకొస్తా" అని వందన తండ్రి బట్టల సంచి అందుకుంది. తువ్వాలు తీస్తుంటే అలమార అరలోంచి తెల్లటి డబ్బా ఒకటి దొర్లి కింద పడింది. దాని వెనక అలాంటివే ఇంకో రెండు. మూడూ ఖాళీ.

"ఇవేంటమ్మా?"

"నువ్వు తెచ్చిన క్రీమేగా."

"మూడు డబ్బాలా? ఎక్కడ రాశాడు?"

"ఎక్కడేంటే? ఆ వేలికే. రెండు పూటలా. గోరు పక్కన చర్మం ఎండిపోయి పగులుతోందని. మా అమ్మాయి కంపెనీది, చర్మంలో నీటి తలుపులు తెరుస్తుంది అని యూనిట్లో అందరికీ చెప్పుకున్నాడు. కరపత్రం పెట్టెలోనే పెట్టుకు తిరుగుతాడు."

వందన మంచం అంచున కూలబడింది.

'మీ చర్మంలోని నీటి తలుపులు తెరుచుకుంటాయి.' ఆ వాక్యం ఆమెదే. ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి ఆమె. పరిశోధన చేస్తూనే, ఏడు నెలలుగా జూబ్లీహిల్స్‌లోని ఒక క్రీముల కంపెనీకి కరపత్రాలు రాసి పెడుతోంది. రాసినది అబద్ధం కాదు. చర్మకణాల గోడల్లో నీళ్లు నడవడానికి సన్నటి దారులుంటాయి. ప్రొటీన్‌తో కట్టిన తలుపులవి. ఆక్వాపోరిన్లు అంటారు. చర్మంలో ఎక్కువగా ఉండే మూడో రకం నీళ్లతో పాటు గ్లిజరిన్‌ని కూడా లోపలికి పంపుతుంది. అది సరిగా పనిచేస్తే చర్మం మెత్తగా ఉంటుంది, గాయం త్వరగా మానుతుంది. కంపెనీకి కావలసింది అంతవరకే.

మిగతా సగం ఆమె ల్యాబులో చదివింది. ఆ తలుపు లేకుండా పుట్టించిన ఎలుకల చర్మానికి, గడ్డలు తెప్పించే మందు పూసినా గడ్డలు లేవలేదు. కణం పెరగాలన్నా, పక్కకు పాకాలన్నా ఆ నీళ్లూ గ్లిజరినూ దానికి అక్కరకొస్తాయి. కొన్ని మెలనోమా ముక్కల్లో ఇలాంటి తలుపులు మామూలుకన్నా ఎక్కువ కనిపించాయని రాసినవాళ్లూ ఉన్నారు. కరపత్రంలో ఆ సగం లేదు. రాయమని ఎవరూ అడగలేదు. ఆమే రాయలేదు.

"ఏమైందే? అలా అయిపోయావు?"

"ఏం లేదు. నువ్వు బయల్దేరు."

అది ఆ ఉదయం వందన ఆడిన మొదటి అబద్ధం.

* * *

షూటింగు జరిగే బంగళా గేటు దగ్గర జనరేటర్ వ్యాను, రెండు కారవాన్లు, టిఫిన్ బల్ల. ఇడ్లీ ప్లేటు పట్టుకుని నిలబడ్డ పోచయ్య ఆటో దిగుతున్న వందనను చూసి ప్లేటు పక్కన పెట్టేశాడు. బోరబండ మనిషి. ఆదినారాయణ దగ్గర ఇరవై రెండేళ్లుగా అసిస్టెంటు.

"ఏంది బిడ్డా, గిట్ల ఉరికొచ్చినవ్?"

"నేను రాత్రి నీకు ఫోన్ చేసి ఏం చెప్పాను బాబాయ్? ఇంకొకర్ని చూసుకోమన్నానా లేదా?"

"చూసిన. మధురానగర్ పిలగాడు లోపటనే ఉన్నడు. మొత్తం వాడే చేస్తడు. మరి అన్న నాకంటె ముందొచ్చి కూసున్నడు. పొమ్మంటే నా మీదికి లేస్తున్నడు. నేనేం జెయ్యాలె, ఎత్తుకపోవాల్నా?"

మేడ మీద చివరి గది మేకప్ రూము. అద్దం చుట్టూ బల్బులన్నీ వెలుగుతున్నాయి. కుర్చీ ఖాళీగా ఉంది. దాని పక్కన స్టూలు మీద ఆదినారాయణ, చేతులు ఒళ్లో పెట్టుకుని, ఎవరో పిలుస్తారని ఎదురుచూసే వాడిలా కూర్చున్నాడు.

"నీళ్లు తాగావా?" వచ్చీ రాగానే వందన అడిగిన మాట అది.

"గుక్క కూడా తాగలేదు. డాక్టరమ్మ మాట దాటానా ఎప్పుడైనా?"

"దాటకపోతే ఇక్కడేం చేస్తున్నావు? ఎనిమిదైంది నాన్నా!"

"అయిదు నిమిషాల పని. హీరోగారు రాగానే అయిపోతుంది."

"ఎప్పుడొస్తాడు?"

ఆదినారాయణ పోచయ్య వైపు చూశాడు. పోచయ్య గోడ వైపు చూశాడు.

"జిమ్ముల ఉన్నడంట" అన్నాడు చివరికి. "జిమ్ము అయినంక స్నానం. స్నానం అయినంక జ్యూసు. జ్యూసు అయినంక మూడ్ రావాలె."

"బాబాయ్, నవ్వించకు. నాకు ఏడుపొస్తోంది."

"నువ్వు వెళ్లి ఆసుపత్రిలో కూర్చో అమ్మాయ్. నేనొస్తానన్నాను కదా."

"రావు. నాకు తెలుసు. భయపడి పారిపోయి వచ్చావు ఇక్కడికి. ఒప్పుకో! ఇన్నాళ్లూ గోరు గీక్కుంటూ కూర్చున్నావు, ఇప్పుడు తీస్తామంటే పెట్టె పట్టుకుని పారిపోతావు. నీకు నీ సినిమాలు తప్ప..."

"వందనా."

ఆయన గొంతు పెంచలేదు. కట్టు కట్టిన ఎడమ బొటనవేలు పైకెత్తి చూసుకున్నాడు. చివరి గుండ్రటి భాగం మాత్రమే కట్టులోంచి కనిపిస్తోంది.

"కొత్త సినిమా మొదటి రోజు ఆర్టిస్టు నుదుట మొదటి రంగు ఈ వేలితోనే పెడతాను. మా గురువుగారు అలాగే పెట్టేవారు. కుడి చేతిలో బ్రష్షు ఉంటుంది, ఎడమ చేతిలో రంగుంటుంది, ఆ రంగున్న వేలితోనే పెట్టాలి అనేవారు. నూట పదకొండు సినిమాలు పెట్టాను. ఇవాళ్టితో ఈ వేలు ఉండదు. భయపడి రాలేదమ్మా. ఆఖరిసారి దాని పని దానితో చేయించి తీసుకొద్దామని వచ్చాను. అంతే."

కిందెక్కడో ఎవరో మైకులో లైట్‌మేన్‌ని కేకేస్తున్నారు. అద్దం పైన గడియారంలో ఎనిమిదీ పది. పదింటికి ఆసుపత్రిలో లేకపోతే ఇవాళ్టి ఆపరేషన్ తేదీ పోతుంది. మళ్లీ ఎప్పుడిస్తారో, అప్పటికి ఈయన మనసు ఎలా ఉంటుందో.

"ఇంకో అరగంట చూద్దాం" అంది నీరసంగా.

అరగంట గడిచింది. హీరో రాలేదు. తొమ్మిది కావస్తుంటే పోచయ్య భుజం మీది తువ్వాలు తీసి దులిపి, వెళ్లి అద్దం ముందు కుర్చీలో ధీమాగా కూర్చున్నాడు.

"లేవరా! హీరో కుర్చీ అది" అన్నాడు ఆదినారాయణ.

"హీరో వచ్చిండు. కానియ్ అన్నా."

"వేళాకోళమా?"

"ఇరవై రెండేండ్ల సంది గా రంగు డబ్బా పట్టుకొని నీ పక్కన నిలబడ్డ. వచ్చినోనికల్ల పెట్టినవ్. నాకు ఒక్కపారి పెట్టినవా? నా మొఖం మొఖం కాదా?"

"నీ ముఖానికి రంగెందుకురా, ఉన్నదే ఎక్కువ."

"గందుకే అంటున్న. నీకు రంగు తక్కువ వడ్తది, టైము తక్కువ వడ్తది. జల్ది కానియ్, ఆడ పోరి పానం పోతున్నది."

ఆదినారాయణ గడియారం వైపు చూశాడు. తర్వాత లేచి పెట్టె తెరిచాడు. కుడి చేత్తో కాస్త రంగు తీసి ఎడమ చేతి మీద వేశాడు, ఇంకొంచెం వేశాడు, పోచయ్య ముఖం వైపు చూసి చిటికెడు ఎరుపు కలిపాడు. మొక్కుబడిగా వేయలేదు. హీరోకి వేసినంత శ్రద్ధగానే కలిపాడు. కట్టు దాటి ఉన్న కాస్త వేలితో ముంచి, పోచయ్య నుదుట నిలువుగా ఒక్క గీత గీశాడు.

పోచయ్య కళ్లు మూసుకున్నాడు. తెరవడానికి కొంచెం టైము పట్టింది.

"ఎట్లున్న?"

"దరిద్రంగా ఉన్నావు" అంటూ ఆదినారాయణ పెట్టె మూసేశాడు. "పదమ్మా."

* * *

ఆటో చెక్‌పోస్టు దగ్గర సిగ్నల్‌లో ఆగింది. తండ్రి ఒళ్లో పెట్టె, వందన ఒళ్లో బట్టల సంచి. అక్కడే చెప్పేసింది.

"నాన్నా, ఆ క్రీము... వేలికి రాసుకున్నావటగా."

"బాగా పనిచేసిందమ్మా. పగుళ్లు తగ్గాయి."

"నేను నీకు పూర్తిగా చెప్పలేదు." తలుపుల గురించి, ఎలుకల గురించి, క్యాన్సర్ కణం కూడా ఆ తలుపుల్నే వాడుకుంటుందేమోనన్న అనుమానం గురించి గబగబా, మాట మీద మాట పడుతూ చెప్పింది. ఆయన ముందు రోడ్డు వైపు చూస్తూ విన్నాడు.

"అంటే ఆ క్రీము వల్ల వచ్చిందంటావా?"

"కాదు. చార ముందే ఉంది."

"మరి దానివల్ల పెరిగిందా?"

'లేదు' అనడానికి నోరు తెరిచింది. పొద్దున తల్లితో అన్నంత తేలికగా రాలేదు. "తెలియదు నాన్నా. నాకే కాదు, ఎవరికీ సరిగ్గా తెలియదు."

గ్రీన్ సిగ్నల్ పడింది. ఆటో కుదుపుతో కదిలింది.

"ఇంత చదివించింది తెలియదని చెప్పడానికా?" అన్నాడు. కోపంగా అన్నాడో నవ్వుతూ అన్నాడో హారన్ల మధ్య ఆమెకు అర్థం కాలేదు. కాసేపాగి ఆయనే, "మీ అమ్మకి చెప్పకు" అన్నాడు.

ఆసుపత్రిలో ఆయన గౌను మార్చుకోవడానికి వెళ్లినప్పుడు, అదే ప్రశ్న వందన ఆపరేషన్ చేయబోయే డాక్టర్ రష్మిని అడిగింది. డాక్టర్ ఫైల్లోంచి తలెత్తి ఆమె ముఖం చూసి, పెన్ను మూసింది.

"చార ఎప్పుడు మొదలైంది?"

"రెండేళ్లు."

"క్రీము?"

"ఏడు నెలలు."

"మరి క్రీముతో వచ్చిందని ఎట్లంటావమ్మా?"

"పెరగడం, మేడమ్?"

"ఆ రిసర్చ్ నేనూ చూసిన. కణాల్ని గాజు పళ్లెంలో పెట్టి చూసినవి, ఎలుకల్లో చూసినవి. పై పూత క్రీముతో మనిషిలో ఇది పెరుగుతుందని ఎవరూ చూపించలే. పెరగదని రాసిచ్చే అంత పనీ ఎవరూ చెయ్యలే. మీ నాన్న విషయంలో నాకు తెలిసిన తప్పు ఒక్కటే, లేటు. ఆ చారకి రెండేళ్లు టైమిచ్చినం. ఇంక ఒక్కరోజు కూడా ఇవ్వద్దు. సరేనా?"

వందన తలూపింది. పొద్దుటి నుంచి మొదటిసారి ఊపిరి పూర్తిగా అందినట్టయింది.

లోపల, పొడుగాటి బల్ల మీద ఆదినారాయణ ఎడమ చేయి చాచుకుని కూర్చున్నాడు. పక్కనే లీలాకుమారి, ఆయన చొక్కా చేతిలో పట్టుకుని. నర్సు మందు నీళ్లలో ముంచిన దూదితో వేళ్ల దగ్గర మొదలుపెట్టి పైకి తుడుచుకుంటూ వస్తోంది. మణికట్టు, మోచేయి, ఆపైన. చేయి కొద్దిగా ఎత్తి వెనక పక్క, చంకకు కాస్త కిందుగా తుడిచింది. తుడిచి ఆగింది.

"మేడమ్, రంగొస్తున్నది."

దూది చామనఛాయగా ఉంది.

"రంగా?" ఆదినారాయణ తల తిప్పి చూసుకోబోయాడు. ఆ చోటు ఆయనకు కనపడదు. "అక్కడ నేనేం వేసుకోలేదే!"

డాక్టర్ రష్మి దగ్గరికొచ్చింది. ఇంకో దూది తీసుకుని తనే తుడిచింది. మూడో దూదికి రంగు పూర్తిగా వదిలింది. కింద, మినపగింజంత నల్లటి బొడిపె. డాక్టర్ చేతి భూతద్దం ఆనించి చూసింది. చాలాసేపు చూసింది.

"రెండు వారాల కింద ఇది లేదు. నేను ఈ చేయంతా చూసిన" అంది నెమ్మదిగా. "ఇవాళ ఆపరేషన్ ఆపుతున్నం. ముందు స్కానింగ్. ఎంతవరకు వచ్చిందో చూడకుండా వేలు తీసి లాభం లేదు." తర్వాత ముగ్గురినీ ఒకసారి చూసి అడిగింది: "దీన్ని ఎవరు కప్పింది?"

వందన చూపు మెల్లగా తల్లి మీదికి వెళ్లింది.

"అమ్మా?"

"పది రోజులైంది" అంది లీలాకుమారి. నేల వైపు చూస్తూ చెప్పింది. "వీపు రుద్దుతుంటే కనపడింది. ఆవగింజంత ఉంది అప్పుడు. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు ఈయన నాతో ఏమన్నాడో నీకు తెలియదే. ఒక్క వేలంటే ఇచ్చేస్తాను లీలా, ఇంకొకటి ఎక్కడన్నా కనపడిందో, ఇక నేను కత్తి కిందికి వెళ్లను, ఉన్నన్నాళ్లు పని చేసుకుని పోతాను అన్నాడు. ఆయనకి తెలిస్తే ఈ వేలు కూడా తీయించుకోడు. నీకు చెబితే నీ ముఖం చూసి కనిపెట్టేస్తాడు. ఆపరేషన్ అయిపోనీ, మత్తులో ఉన్నప్పుడు డాక్టరమ్మకి చెప్దామనుకున్నాను. అందాకా పొద్దున్నే స్నానమవగానే వీపుకి రాస్తానని చెప్పి నువ్వు తెచ్చిన క్రీము రాసి, పైన రంగేసి అద్దేదాన్ని."

"క్రీము కూడానా?" వందన అరిచేసింది. "పది రోజులమ్మా! పది రోజులు!"

"తలుపులు తెరిస్తే మంచిదేగా అనుకున్నానే. నువ్వే రాశావుగా."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అందుకే వందన దాన్ని తట్టుకోలేకపోయింది.

ఆదినారాయణ ట్రేలోంచి రంగంటిన దూది ఒకటి తీసి కుడి చేతి వేళ్ల మధ్య నలిపాడు. కిటికీ వెలుగులో పెట్టి చూశాడు.

"నా ఒంటి రంగుకే కలిపావు" అన్నాడు భార్యతో. "పసుపు ఒక చుక్క ఎక్కువ పడింది. అంచు మాత్రం... పది రోజులుగా పిల్ల కూడా పట్టుకోలేదంటే అంచు ఎంత బాగా కలిపి ఉంటావు లీలా."

హీరోయిన్లకు జడలు వేస్తూ ఇరవై ఏళ్లు ఆ సెట్లలోనే నిలబడింది లీలాకుమారి. ఆడవాళ్లకు దువ్వెన ఇచ్చారు గానీ బ్రష్షు పట్టుకోనివ్వని రోజులవి. మొగుడి చేతి పని చూసి చూసి నేర్చుకున్నది ఆమె వేరెవరి ముఖం మీదా వేయలేదు. ముప్పై ఏళ్లకు మొదటిసారి ఆయన మెచ్చుకుంటుంటే రెండు చేతులతో నోరు మూసుకుంది.

తలుపు తెరుచుకుంది. స్కానింగుకి తీసుకెళ్లడానికి వార్డుబాయ్ చక్రాల కుర్చీ తోసుకొచ్చాడు.

ఆదినారాయణ బల్ల దిగాడు. కుర్చీ వైపు చూడలేదు. భార్య ముందుకొచ్చి చేయి చాచాడు.

"నా చొక్కా ఇవ్వు లీలా."

"ఇవ్వను."

"ఇవ్వమంటున్నాను."

"ఇవ్వనండీ." ఆయన మాటకు ఆమె అడ్డు చెప్పడం వందన ఎన్నడూ వినలేదు. లీలాకుమారి చొక్కాను గుండెలకు అదుముకుని, రెండడుగులు వెనక్కి వేసి, తలుపుకు అడ్డంగా నిలబడింది.

ఇది చదువుతున్న అమ్మల్లారా, అయ్యల్లారా, మీ ఇంట్లో ఎవరి ఒంటి మీదైనా కొత్త మచ్చ కనపడి, 'ఏం లేదులే' అని ఎవరైనా అంటే, ఆ చొక్కా పట్టుకుని నిలబడ్డ లీలాకుమారిని ఒక్కసారి గుర్తు చేసుకోండి. ఆమె చేసింది తప్పే. ఆ పది రోజులూ ఎవరూ వెనక్కి తేలేరు. కానీ మొగుణ్ణి బతికించుకోవడానికి ఆమెకు తెలిసిన విద్య అదొక్కటే. తిట్టుకునైనా సరే, ఆమెను మాత్రం మరిచిపోకండి.